బొల్లి నడిచిన గీత

సోమవారం వచ్చిందంటే సాంబశివరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అర్జీ ఒకటి రాయించుకుని, బస్సెక్కి రెంటచింతల వెళ్లి మండలాఫీసులో ఇచ్చి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి మజ్జిగన్నం తిని పడుకుంటాడు. అర్జీలో ఉండే సంగతి ఎప్పుడూ ఒక్కటే. ఎర్రగుట్టపాలెం కుంటకు నీళ్లు కావాలి. తను సర్పంచిగా ఉన్నప్పుడు నీళ్లు తెప్పిస్తానని మైకులో చెప్పాడు. తెప్పించలేకపోతే ఊళ్లో తలెత్తుకు తిరగనని కూడా చెప్పాడు. నీళ్లు రాలేదు, పదవి పోయింది, తల మాత్రం ఎత్తుకునే తిరుగుతున్నాడని భార్య శేషమ్మ వీలున్నప్పుడల్లా గుర్తు చేస్తుంటుంది.

ఈ ఏడు ఆ మాట మామూలు కంటే ఎక్కువ గుచ్చుకుంటోంది. కుంట కింది చేలో వేయాల్సిన మిరప నారు మడిలో ఎదిగి కూర్చుంది. కుంట చూస్తే పిల్లలు క్రికెట్ ఆడుకునేంత పొడిగా ఉంది. ఈసారి కూడా తడి అందకపోతే నారు మేకల పాలవుతుంది, మొహం ఊరి పాలవుతుంది.

ఆ సోమవారం అర్జీ టైపు చేయించుకుందామని ఉప్మా పళ్లెం పట్టుకుని మేడ మీద గదికి వెళ్లాడు సాంబశివరావు. గదిలో అద్దెకుంటున్న రేవతి హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. వచ్చిన రోజునే తన పని గురించి చెప్పింది. "ప్రకృతి, మనుషులు, కొత్తగా వస్తున్న యంత్రాలు, ఇవన్నీ కలిసిన చోట ఊరు ఎలా మారుతుందో చూస్తాను బాబాయి గారూ. మానవ భూగోళశాస్త్రం అంటారు." సాంబశివరావు గంభీరంగా తలూపాడు. భూమి అన్నది, యంత్రం అన్నది, ఊరు మారుతుందన్నది. ఇది సర్వే కాకపోతే మరేమిటి? ఆ మధ్య డ్రోను ఎగరేసి పొలాలన్నీ మళ్లీ కొలిచి రాళ్లు పాతిన దగ్గర్నుంచి ఎర్రగుట్టపాలెంలో పటం చదవడం రాని మనిషి లేడు. ఎర్ర గీత హద్దు, నీలం గీత నీళ్లు. పాలకేంద్రం దగ్గర కూర్చునే ముసలివాళ్లకు కూడా ఈ పాటి తెలుసు.

రేవతి లాప్‌టాప్‌లో ఊరి పటం తెరిచి ఉంది. ఎర్రగుట్ట అడుగు నుంచి బయలుదేరి, ఊరి అంచు మీదుగా, కుంట దాకా నీలం గీత ఒకటి నిగనిగలాడుతోంది.

"అమ్మాయ్, ఈ నీలం గీత ఏంది?"

"అదా బాబాయి గారూ, దారి. గుట్ట దగ్గర్నుంచి కుంటకి."

సాంబశివరావు పళ్లెంతో సహా తెర మీదకి వంగాడు. "ఎవరేశారు?"

"ఒకళ్లు వెయ్యక్కర్లేదు. ఉపగ్రహం నుంచి దానంతటదే పడుతుంది."

"ఇది ఖాయమేనా?"

"అప్పుడే ఎక్కడ! రోజూ కొంచెం మారుతుంది. నెలాఖరుకి మా మేడం వస్తారు. చూసి సరేనంటే అప్పుడు ఖాయం."

"దేన్ని బట్టి మారుద్ది?"

"బొల్లిని బట్టి" అంది రేవతి ఉప్మా అందుకుంటూ.

బొల్లి ఊళ్లో అందరికీ తెలిసిన ఆదెమ్మ బర్రె. మొహాన తెల్లమచ్చ ఉంటుంది. పొద్దున కుంట పక్కనున్న పాకలోంచి గుట్టకు మేతకు పోయేటప్పుడూ, సాయంత్రం దాహంతో పాక దగ్గరి తొట్టి నీళ్లకు దిగొచ్చేటప్పుడూ మందంతా దాని వెనకే నడుస్తుంది. రేవతి వచ్చిన వారానికే దాని మెడకు నల్లపట్టీ, పట్టీకి అగ్గిపెట్టంత యంత్రం కట్టింది. పశువుకి దిష్టి తగలకుండా అనుకున్నారు కొందరు. ఇప్పుడు సాంబశివరావుకి అసలు సంగతి అర్థమైంది. అంతకంటే తప్పుగా అర్థం చేసుకోవడం ఎవరి తరమూ కాదు.

గీత తిన్నగా వస్తూ వస్తూ ఒక్కచోట మాత్రం వంకర తిరిగింది. అది ఆయన ఇంటి దగ్గరే.

"ఇక్కడ పక్కకి పోయిందేందమ్మా?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. రోజూ మీ ట్రాక్టరు షెడ్డు గోడ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కాసేపు నిలబడుతుంది. తర్వాత సందులోంచి చుట్టు తిరిగి పోతుంది."

సాంబశివరావు ఛాతీ ఉప్పొంగింది. పైవాళ్లకు ఇది ఎవరి ఇల్లో తెలుసన్నమాట.

"ఎవరికీ చెప్పకండి బాబాయి గారూ" అంది రేవతి. "జనానికి తెలిస్తే బర్రెను కెలుకుతారు. నా పరిశోధనంతా పాడైపోతుంది."

చెప్పొద్దన్నారంటే ఇక అనుమానమే లేదు. గవర్నమెంటు సంగతే. సాంబశివరావు మెట్లు దిగలేదు, దాదాపు దొర్లాడు.

"ఏమే! కాలవొస్తందే! మన ఊరికి కాలవ!"

శేషమ్మ పప్పు రుబ్బుతూ మొత్తం విన్నది. "బర్రె నడిచిన చోట కాలవ తవ్వటమేందయ్యా? మతుండే మాట్లాడుతున్నావా?"

"ఒసేయ్ పిచ్చిదానా, నీళ్లెటు పోతయ్యి? పల్లానికి. బర్రె ఎటు పోద్ది? నీళ్లకి. ఏసీ గదుల్లో కూర్చుని గీసిన కాలవలు ఏమైనయ్యో చూశాం గందా. అందుకే ఈ తడవ బర్రెని పెట్టుకున్నారు."

ఎంత వెతికినా ఈ మాటలో తప్పెక్కడుందో శేషమ్మకు దొరకలేదు. అక్కడే వచ్చింది అసలు ప్రమాదం.

సాంబశివరావును ఒక్క సంగతే బాధపెట్టింది. కుంట దగ్గర గీత ఆయన చేను గట్టున కాకుండా, ఎదురుగా ఉన్న త్రికోటేశ్వరరావు గట్టున దిగింది. త్రికోటేశ్వరరావు అంటే ఇప్పటి సర్పంచి, వరసకు బావ, ఆయన్ని ఓడించిన మనిషి. కాలవ ఎవరి గట్టున పోతే తూము ముందు వాళ్లకే కదా. నీళ్ల కోసం అర్జీలిచ్చి అరిగిపోయింది తనైతే, తూము ఆయనకా? ఆ ఆలోచనకే సాంబశివరావు ఒళ్లు మండింది. చూస్తూ ఊరుకునే రకం కాదాయన.

ఆ సాయంత్రం బొల్లి వచ్చే వేళకు సాంబశివరావు చేను గట్టు మీద పచ్చజొన్న చొప్ప, తవుడు కలిపిన కుడితి బకెట్, పక్కనే బెల్లం ముక్క సిద్ధంగా ఉన్నాయి. మోసింది శేషమ్మ, నిలబడి పిలిచింది ఆయన. బొల్లి ఒకసారి చూసింది, ఇంకోసారి చూసింది, దారి మార్చుకుని వచ్చింది. మర్నాడు తెల్లారకముందే ఆయన మేడ ఎక్కి తలుపు కొట్టాడు. రేవతి కళ్లు నులుముకుంటూ పటం తెరిచింది. నీలం గీత త్రికోటేశ్వరరావు గట్టు వదిలేసి సాంబశివరావు గట్టున పడి ఉంది.

"జరిగింది! జరిగిందమ్మా!" అని అరిచాడు సాంబశివరావు. ఢిల్లీని తన గట్టు మీద కూర్చుని బెల్లం ముక్కతో జరిపిన మనిషి ఆనందం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ఆనందం.

రహస్యాన్ని కడుపులోనే దాచాడు. శేషమ్మకి తప్ప ఒక్కరికీ చెప్పలేదు. అయితే సోమవారం పూట సాంబశివరావు ఊళ్లోనే ఉండటమే ఊరికి పెద్ద కబురైంది. సుభానీ టీ బంకు దగ్గర ఇదే చర్చ. అర్జీ మానేశాడంటే నీళ్ల సంగతి తేలిపోయి ఉండాలి. పైగా మాజీ సర్పంచి ఇంటావిడ ఆదెమ్మ బర్రెకి కుడితి మోసుకెళ్లటం ఏమిటి? త్రికోటేశ్వరరావు గ్లాసు కింద పెట్టి నేరుగా వచ్చాడు.

"ఏంది బావా, బర్రెల మీద ప్రేమ పుట్టింది?"

"ఏం లేదు బావా, ఊరికే."

"ఊరికే నువ్వు మీ బర్రెకే మేత వెయ్యవు."

సాంబశివరావు బిగబట్టాడు. కానీ ఓడించినవాడి ముందు గెలుపును దాచుకోవడం మనిషన్నవాడికి సాధ్యమా? "నీ గట్టున పోయే కాలవని ఆ బర్రెతోనే నా గట్టుకి తెచ్చుకున్నా. శాతనైతే తీసుకుపో" అనేశాడు.

అంతే. ఆ సాయంత్రం త్రికోటేశ్వరరావు గట్టు మీద పత్తి చెక్క వెలిసింది. మర్నాడు సాంబశివరావు తెలగపిండి దించాడు. ఆయన ఉలవలు ఉడకేయించాడు. ఈయన అరటిపళ్లు గెలలకి గెలలు తెప్పించాడు. ఇంతలో కాలవ వస్తే తమ చిన్న పొలం చెక్కలు మధ్యకి తెగిపోతాయని భయపడిన వాళ్లు గట్లకు కంప కొట్టి, బొల్లి అటు తిరిగితే చాలు "హేయ్, హేయ్" మని తరిమారు. మిగతావాళ్లు మనకెందుకు రాకూడదని తలా ఒక గంప మేత పట్టుకుని నిలబడ్డారు. సాయంత్రమైతే గుట్ట నుంచి కుంట దాకా దారికిరువైపులా జనం బారులు తీరేవాళ్లు. బొల్లి మధ్యలో నడిచొస్తుంటే ఓట్లకొచ్చిన నాయకుడి కన్నా ఎక్కువ పిలుపులు. ఊళ్లో ఇంత హుషారు ఈ మధ్య కాలంలో ఎవరూ చూడలేదు.

ఆదెమ్మకు ఇదంతా ఎందుకో తెలియదు, అడగనూ లేదు. పాలు ఒకటికి రెండింతలయ్యాయి. ఒకరోజు సాంబశివరావు వేసిన చొప్ప చూసి ఆమే పెదవి విరిచింది. "అయ్యా, ఇది బాగా ముదురు చొప్ప. సర్పంచి గారు లేతది ఏస్తన్నారు."

మేడ మీద రేవతికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. తిన్నగా ఉన్న గీత ఇప్పుడు పిల్లలు తొక్కిన ముగ్గులా ఉంది. బొల్లి ఎందుకలా తిరుగుతోందో తెలుసుకుందామని సాయంత్రం వెంట నడిస్తే, ఊరంతా గంపలు వెనక దాచుకుని ఆమెకు నమస్కారాలు పెట్టేది. ఎవర్ని అడిగినా "మాకేం తెలవదమ్మా, మీదే దయ" అనేవాళ్లు.

ఆఖరికి బొల్లికి పొట్ట ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చి, వేలితో పొట్ట మీద తట్టి, ఊరి వైపు కోపంగా చూశాడు. "నేను చెప్పేదాకా మేత బంద్. మందూ, నీళ్లూ తప్ప ఏం పెట్టొద్దు." సరిగ్గా ఆ రోజే రేవతికి ఫోనొచ్చింది. మేడం ఎల్లుండి వస్తున్నారు.

"మేడం వస్తన్నారంట" అన్న మాట సుభానీ బంకు దాకా వెళ్లేలోపు పెద్దాఫీసరైంది, బంకు దాటేసరికి చీఫ్ ఇంజనీరైంది. పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. నా గట్టంటే నా గట్టని అరుపులు, నా చెక్క తెగనివ్వనని ఏడుపులు. ఈ గోల మేడం చెవిన పడితే కాలవ ఇంకో ఊరికి పోతుందని సాంబశివరావుకి తట్టింది. నిజంగానే భయమేసింది. గట్టు సంగతి తర్వాత, అసలు నీళ్లే పోతే? మడిలోని నారు కళ్లముందు ఆడింది. చెయ్యెత్తి లేచాడు.

"నా మాట ఇనండి! మేడం ముందు బొల్లిని గుట్ట కాడ ఒదిలేద్దాం. ఎవరూ పిలవకూడదు, తరమకూడదు. అది ఎటు నడిస్తే కాలవ అటే. అది పొలమైనా సరే, ఇల్లైనా సరే, ఎవరిదైనా సరే. ఎవడూ నోరెత్తకూడదు."

"ఒట్టెయ్యి" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"కోటప్పకొండ మీద ఒట్టు. బర్రె నడిచిందే దారి."

జనం చప్పట్లు కొట్టారు. ఇంత పెద్ద మనసు ఆయనలో ఎప్పుడూ చూడలేదని కొందరు కళ్లొత్తుకున్నారు కూడా. ఇంటికొచ్చాక శేషమ్మ అడిగింది. "ఏందయ్యా, అంత ధైర్యంగా ఒట్టేశావు?"

"ఇన్నాళ్లు బెల్లం తినిపించింది ఎందుకే? మన గట్టు కాడ వాసన తగిలితే చాలు, కళ్లకి గంతలు కట్టి తోలినా ఇటే వచ్చుద్ది." ఆ మాట చెప్పి, మేడం మనసు మార్చుకోకముందే పని మొదలుపెట్టించాలని కారంపూడి నుంచి జేసీబీని కూడా పిలిపించాడు.

మేడం గారి కారు దిగీ దిగకముందే డప్పులు మోగాయి. మెడలో దండ పడింది, చేతిలో నిమ్మకాయ పడింది, నుదుట బొట్టు పడింది. ఆమె నెరిసిన జుట్టు, నూలు చీర, భుజాన సంచి ఉన్న నెమ్మదైన మనిషి. రేవతి వైపు చూసి, "నీ పరిశోధనకి ఊళ్లో ఇంత ఆదరణ ఉందని చెప్పనే లేదేం?" అంది.

గుట్ట దగ్గర ఆదెమ్మ పలుపు తీసింది. రాత్రి కురిసిన జల్లుకు నేల కాస్త చెమ్మగా ఉంది. మేత బంద్ అయిన బొల్లికి ఇప్పుడు కావాల్సింది బెల్లం కాదు. మందు ఘాటుకు నాలుక ఎండిపోయి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయా అని చూస్తోంది. అది తల దించి, నేల వాసన చూసి, తిన్నగా నడక మొదలుపెట్టింది. వెనకాల మేడం, ఆమె వెనకాల సాంబశివరావు, ఆయన వెనకాల ఊరు. జనం రెండు పక్కల సందుల్లోనూ కిక్కిరిసి చూస్తున్నారు.

బొల్లి ఊరి అంచుకు వచ్చింది. సాంబశివరావు ఇంటి వెనక్కి వచ్చింది. ట్రాక్టరు షెడ్డు గోడ దగ్గర ఆగింది. ఎప్పటిలా సందులోకి తిరగబోయింది గానీ సందు నిండా మనుషులు. ఇటు తిరిగింది, ఇటూ మనుషులే. ఇక చేసేదేమీ లేక గోడకు తల ఆనించి, మోర ఎత్తి, ఊరు దద్దరిల్లేలా ఒక్క అరుపు అరిచింది.

డప్పులు ఆగిపోయాయి.

"అది దారి తప్పింది. తోలండి, అవతలకి తోలండి" అన్నాడు సాంబశివరావు. చెమటకు ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుంది.

"తోలకూడదని నువ్వేగా అన్నావు బావా" అన్నాడు త్రికోటేశ్వరరావు.

మేడం గోడ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి గుట్ట వైపు, ముందుకు వంగి కుంట వైపు చూసింది. "ఈ గోడ కట్టకముందు ఇక్కడ ఏముండేది?"

అందరికీ తెలుసు, సాంబశివరావు సర్పంచిగా ఉన్న రోజుల్లో కట్టిన గోడ అది. ఆ రోజుల్లో అడిగే దమ్ము ఎవరికీ లేదు, తర్వాత అడగాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. పలికింది శేషమ్మ.

"వాగమ్మా. గుట్ట మీద వాన కురిస్తే ఇటే పారి కుంటలోకి పోయేది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో గుడ్డలుతికింది ఇందులోనే. ఈయన పూడ్చి షెడ్డేశాడు. అప్పట్నుంచి గుట్ట నీళ్లు రోడ్డు మీద పడి పోతన్నయ్యి."

"ఏమే!" అన్నాడు సాంబశివరావు.

"ఏందయ్యా? ఆ వాగు లేకే కుంట ఎండింది. నాకు ఇప్పుడే తట్టింది. నీకు సోమవారం సోమవారం అర్జీ రాయించేటప్పుడన్నా తట్టలేదా?"

రేవతి ఒక్క ఉదుటున లాప్‌టాప్ తెరిచింది. మేత గోల మొదలవకముందు పడిన గీత చూపించింది. గుట్ట నుంచి కుంట దాకా తిన్నగా, ఒక్క వంకరతో. తల్లి వెంట దూడ, దాని వెంట దాని దూడ, పూడిపోయిన వాగు పల్లాన్నే ఇన్నాళ్లూ నడుస్తున్నాయి. "మేడం, అది రోజూ ఎందుకు ఆగుతుందో ఇప్పుడు తెలిసింది!" అంది. అంతలోనే దిగులుగా అంది. "కానీ తర్వాతి లెక్కలన్నీ పాడైపోయాయి మేడం. ఊరంతా కలిసి దాన్ని అటూ ఇటూ లాగేశారు."

"పాడెందుకవుతాయి? బర్రెకి యంత్రం కడితే నడక మారింది ఊరిది. అదొక అధ్యాయం రాయి" అని మేడం నవ్వి, చుట్టూ ఉన్నవాళ్లను చూసి అడిగింది. "అవునూ, ఆ జేసీబీ ఎందుకొచ్చింది?"

"కాలవకండీ" అన్నారు నలుగురు.

"ఏ కాలవ? మేం కాలవల వాళ్లం కాదే. పాఠాలు చెప్పుకునే వాళ్లం."

అందరికంటే ముందు తేరుకున్నది సాంబశివరావు. నీళ్లు పోయినందుకు బాధగా ఉన్నా, గోడ దక్కినందుకు గొంతు లేచింది. "విన్నారుగా! కాలవ లేదు. కాలవే లేనప్పుడు ఒట్టేంది? పదండి, పదండి."

"ఆగు బావా" అన్నాడు త్రికోటేశ్వరరావు. "ఒట్టు కాలవ మీద వేశావా? బర్రె మీద వేశావా? బర్రె నడిచిందే దారి అన్నావు. ఇల్లైనా సరే అన్నావు. కొండ మీద దేవుడు విన్నాడు, ఊరూ విన్నది. జేసీబీ కూడా నువ్వు పిలిపించిందే."

సాంబశివరావు జనం మొహాల్లోకి చూశాడు. శేషమ్మ మొహంలోకి చూశాడు. ఆఖరికి బొల్లి మొహంలోకి చూశాడు. ఎక్కడా సాయం దొరకలేదు. "ట్రాక్టరన్నా తీసుకోనియ్యండ్రా" అన్నాడు నీరసంగా.

గోడ మధ్యాహ్నం భోజనాల లోపే పడిపోయింది. చిన్న చెక్కల వాళ్లు, పెద్ద గట్ల వాళ్లు అందరూ పారలు పట్టుకుని దిగారు. ఎవరి చెక్కా తెగలేదు, పాత పల్లమే కాబట్టి తవ్వడం కూడా పెద్ద పని కాలేదు. మేడం కొంగు దోపి తట్ట అందించింది. త్రికోటేశ్వరరావు మట్టి మోస్తూ, "బావా, షెడ్డు కూలినా నీ మాట నిలబడింది" అని హాస్యమాడితే, సాంబశివరావు పార విసిరినంత పని చేశాడు.

శ్రావణంలో మంచి వాన పడింది. గుట్ట మీది ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతూ షెడ్డు ఉన్న చోటు నుంచి ఉరికొచ్చి కుంటలోకి దూకాయి. ఊరు ఊరంతా ఈలలు వేస్తూ వాటి వెంట పరిగెత్తింది. అందరికంటే ముందు, తడిసిన పంచె ఎగ్గట్టి, సాంబశివరావు పరిగెత్తాడు. కుంట కింది చేలో మొదటి తడి ఇంకుతుంటే ఆయన గట్టు మీద కూలబడి, పక్కన శేషమ్మ ఉందని కూడా చూడకుండా, కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. శేషమ్మ నారు కట్టలు గంపలోంచి తీసి ఒక్కొక్కటీ అందించింది.

ఇప్పుడు రేవతి పటంలో గీత తిన్నగా ఉంది, వంకర మాత్రం వాగుకు దారి వదిలి కొత్తగా కట్టుకున్న సాంబశివరావు ప్రహరీకి వచ్చింది.